మడమ వెనుక నొప్పి: పేరు మార్చుకున్న జబ్బు

కూర్చున్న చోటే ఒకసారి మీ కాలి మడమ వెనుక, కాస్త పైన, బొటనవేలితోను చూపుడువేలితోను పట్టి చూడండి. పిక్క దగ్గర వెడల్పుగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, మడమ ఎముకకు బిగించి కట్టినట్టుండే గట్టి తాడు ఒకటి చేతికి తగులుతుంది. మన ఇళ్లలో దీన్ని మడమ నరం అంటారు. "నరం పట్టేసింది", "నరం లాగుతోంది" అని చెప్పుకుంటాం. నిజానికి ఇది నరం కాదు. పిక్క కండరాలను మడమ ఎముకతో కలిపే స్నాయుబంధనం. సుమారు 15 సెంటీమీటర్ల పొడవుండే ఈ బంధనం మన శరీరంలోని స్నాయుబంధనాలన్నిటిలోకీ లావైనది, బలమైనది. దీనికి అకిలీస్ స్నాయుబంధనమని పేరు.

ఎంత బలమైనదో చెప్పడానికి ఒక ప్రయోగం చాలు. ఫిన్లాండ్ శాస్త్రజ్ఞుడు పావో కోమి తన బృందంతో కలిసి, ఒప్పుకున్న మనుషుల మడమ బంధనం చుట్టూ చిన్న లోహపు కొలత పరికరాన్ని అమర్చి, వారిని నడిపించి, పరుగెత్తించి చూశాడు. వేగంగా పరుగెత్తేటప్పుడు ఆ బంధనం మీద పడే లాగుడు శరీర బరువుకు పన్నెండున్నర రెట్ల దాకా వెళ్లింది. ఈ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. ఆ లెక్కన 60 కిలోల మనిషి పరుగెత్తుతుంటే అడుగు అడుగుకూ ముప్పాతిక టన్ను బరువు ఆ తాడుకు వేలాడుతున్నదన్నమాట.

ఇంత పని చేసే తాడుకు నొప్పి రావడంలో వింత ఏమీ లేదు. వింతల్లా ఆ నొప్పి ఏమిటో తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి పట్టిన కాలం. అందులోనూ సుమారు అర్ధశతాబ్దం పాటు అది ఒక పొరపాటు పేరును పట్టుకుని, ఆ పేరుకు తగ్గ వైద్యమే చేస్తూ వచ్చింది. ఆ చరిత్ర తెలిస్తే, రేపు మీకో మీ ఇంట్లోవారికో మడమ వెనుక నొప్పి వచ్చినప్పుడు డాక్టరును ఏమి అడగాలో కూడా తెలుస్తుంది.

నరమా, తాడా?

స్నాయుబంధనాన్ని నరమనుకోవడం మన ఒక్కరి పొరపాటే కాదు. ప్రాచీన గ్రీకు భాషలో 'న్యూరాన్' అనే మాటకు మొదటి అర్థం తాడు, నారి, బంధనం. నేడు మనం నాడి అంటున్నదానికీ అదే మాట వాడేవారు. క్రీ.శ. రెండవ శతాబ్దిలో పెర్గమన్ నగరంలో గ్లాడియేటర్లకు గాయాలు మాన్పిన వైద్యుడు గాలెన్, స్నాయుబంధనంలో నాడుల పోగులు కలిసి ఉంటాయని నమ్మాడు. కాబట్టి దానికి సూది గుచ్చితే ఈడ్పులు వచ్చి రోగి చనిపోతాడని భయం. ఆ భయం యూరప్‌లో వెయ్యేళ్లకు పైగా నిలిచింది. తెగిన బంధనాన్ని కుట్టడానికి చాలామంది వైద్యులు సాహసించలేదు.

మన సంప్రదాయంలో మాటల కథ మరోలా నడిచింది. సుశ్రుత సంహిత శరీరంలో పదహారు 'కండర'లు ఉన్నాయని లెక్కపెట్టి, వాటిలో నాలుగింటిని పాదాలకు ఇచ్చింది. అక్కడ కండర అంటే పెద్ద స్నాయుబంధనం. ఈనాడు తెలుగులో అదే మాట మాంసపు కండకు స్థిరపడింది. ఎగుడుదిగుడు నేల మీద అడుగు సరిగా పడక చీలమండ, మడమ ప్రాంతంలో పుట్టే నొప్పికి సుశ్రుతుడు వాతకంటకమని పేరు పెట్టాడు. అడుగు పడే తీరుకూ నొప్పికీ సంబంధం ఉందని ఆ రోజుల్లోనే గమనించారని దీనివల్ల తెలుస్తుంది. అంతకు మించి దానికి నేటి అర్థాలు అంటగట్టడం భావ్యం కాదు.

ఇక అకిలీస్ పేరు సంగతి. గ్రీకు వీరుడు అకిలీస్‌ను తల్లి థెటిస్ పసితనంలో స్టిక్స్ నదిలో ముంచిందనీ, ఆమె పట్టుకున్న మడమ మాత్రం తడవలేదనీ, చివరకు ఆ మడమకే బాణం తగిలి చనిపోయాడనీ కథ. హోమర్ 'ఇలియడ్'లో ఇది ఎక్కడా లేదు. నదిలో ముంచిన ముచ్చట క్రీ.శ. మొదటి శతాబ్దిలో రోమన్ కవి స్టేటియస్ రచనలో కనిపిస్తుంది. బోయ బాణం పాదానికి తగిలి కృష్ణుడు అవతారం చాలించాడని మౌసల పర్వంలో చదువుకున్న మనకు ఈ కథ కొత్తగా అనిపించదు. అయితే శరీరశాస్త్రంలో ఈ పేరు అంత పాతది కాదు. 1693లో లూవేన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫిలిప్ వెర్‌హేయెన్ తన శరీర నిర్మాణ గ్రంథంలో దీన్ని 'అకిలీస్ తాడు' అన్నాడు. వెర్‌హేయెన్‌కు యౌవనంలోనే జబ్బుచేసి ఒక కాలు తీసేశారు. మతబోధకుడు కావలసినవాడు అటుపై వైద్యానికి మళ్లాడు. తీసేసిన తన కాలినే దాచుకుని కోసి చూశాడని, అందులోనే ఈ తాడును కనుగొన్నాడని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ దానికి ఆధారం లేదు.

తెగితే తెలిసింది, నొప్పెడితే తెలియలేదు

ఏ అవయవమైనా పాడైనప్పుడే దాని పని కంటికి కనిపిస్తుంది. పైకి గాయం లేకుండా లోపల ఈ తాడు తెగిపోవడాన్ని పదహారవ శతాబ్దిలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే వర్ణించాడు. అసలు మలుపు మాత్రం 1767లో లండన్‌లో వచ్చింది. ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ నాట్యం చేస్తుండగా తన మడమ బంధనమే తెగింది. హంటర్ మడమ ఎత్తి కట్టుకుని నడుస్తూ తనకు తానే వైద్యం చేసుకున్నాడు. అంతటితో ఊరుకోలేదు. కుక్కలలో ఈ బంధనాన్ని చర్మం కింద కోసి, వేర్వేరు రోజుల వ్యవధిలో వాటిని చంపి, తెగిన కొసలు ఎలా అతుక్కుంటున్నాయో చూశాడు. ఆ కుక్కల పాలిట ఇది దారుణమే. కాని బంధనం నాడి కాదనీ, తెగినా కొత్త కణజాలంతో అతుక్కుంటుందనీ కళ్లారా తేలింది.

ఆ జ్ఞానం వేరే దారిలో ఎందరికో మేలు చేసింది. పుట్టుకతో గాని, పోలియో వల్ల గాని పాదం వంకర తిరిగినవారిలో ఈ బంధనం కురచగా ఉండి మడమను పైకి లాగి పట్టేస్తుంది. 1816లో ఫ్రాన్సులో డెల్పెష్, 1831లో జర్మనీలో స్ట్రోమేయర్ చిన్న రంధ్రం గుండా కత్తి పంపి దాన్ని కోసి పాదాన్ని సరిచేశారు. చిన్నప్పటి నుంచీ వంకర పాదంతో బాధపడిన ఆంగ్లేయుడు విలియం లిటిల్ 1836లో స్ట్రోమేయర్ దగ్గరికి వెళ్లి నయం చేయించుకుని, ఆ విద్యనే నేర్చుకుని లండన్‌లో ఎముకల వైద్యశాల నెలకొల్పాడు.

ఇలా తెగడం, కోయడం, అతుక్కోవడం గురించి పంతొమ్మిదవ శతాబ్దికి బాగానే తెలిసింది. కాని తాడు తెగలేదు, వంకర లేదు, పొద్దున మంచం దిగి మొదటి నాలుగడుగులు వేసేసరికి మడమ వెనుక భరించలేని నొప్పి. కాసేపు నడిస్తే తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ వస్తుంది. దీనికి ఏమి పేరు? 1893లో వియన్నా శస్త్రవైద్యుడు ఎడువార్డ్ ఆల్బర్ట్ 'అకిలోడైనియా' అని పెట్టాడు. అంటే అకిలీస్ నొప్పి అని మాత్రమే అర్థం. కారణం తెలియనప్పుడు కారణం చెప్పని పేరే పెట్టిన ఆయన నిజాయితీని మెచ్చుకోవాలి. తరవాతి తరాలు ఆ జాగ్రత్త పాటించలేదు.

ఎక్స్‌రే వచ్చాక ఈ ఒక్క నొప్పిలో నుంచి కొన్ని రకాలు విడివడ్డాయి. 1912లో అమెరికాలో జేమ్స్ సెవర్ ఎదిగే పిల్లల మడమ నొప్పిని వేరు చేశాడు. ఎనిమిది నుంచి పన్నెండు, పదమూడేళ్ల పిల్లల్లో మడమ ఎముక చివర ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది. ఆటల్లో బంధనం దాన్ని లాగుతూ ఉంటే నొప్పి వస్తుంది. ఎముక పూర్తిగా గట్టిపడగానే అదే పోతుంది. 1928లో స్వీడన్ వైద్యుడు పాట్రిక్ హాగ్లండ్ మడమ ఎముక వెనుక పై మూలన పెరిగిన గడ్డను వర్ణించాడు. గట్టి బూటు అంచు అక్కడ ఒరుసుకుంటే ఎముకకూ బంధనానికీ మధ్య ఉండే చిన్న ద్రవపు సంచి వాస్తుంది.

ఇక మిగిలినది, అందరికంటే ఎక్కువమందిని బాధపెట్టేది, మడమకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన బంధనం మధ్యలో వచ్చే నొప్పి. దీనికి టెండినైటిస్ అని పేరు స్థిరపడింది. వైద్యభాషలో పేరు చివర 'ఐటిస్' వస్తే వాపు, మంట ఉన్నాయని అర్థం. టాన్సిలైటిస్, అపెండిసైటిస్ మనకు తెలిసినవే. పేరులోనే వాపు ఉంది కాబట్టి వైద్యం కూడా వాపుకే జరిగింది. కదలకుండా విశ్రాంతి, వాపు తగ్గించే మాత్రలు, 1950 దశకం నుంచి కార్టిజోన్ జాతి సూదిమందులు. నొప్పి కొన్ని వారాలు తగ్గేది, మళ్లీ పనిలోకి దిగగానే తిరగబెట్టేది. బంధనంలోకే సూది దిగితే అది బలహీనపడి తెగే ప్రమాదం కూడా ఉందని మెల్లగా బయటపడింది.

కంగారూ తోక నుంచి వచ్చిన సమాధానం

తాడు ఎందుకు నొప్పెడుతోందో తెలియాలంటే అది దేనితో పేనబడిందో ముందు తెలియాలి. ఈ భాగంలో మన దేశానికి గర్వించదగ్గ పాత్ర ఉంది. స్నాయుబంధనంలో నీరు పోగా మిగిలే దానిలో అత్యధిక భాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. 1950 దశకం మొదట్లో దాని అణు నిర్మాణం ఎవరికీ అంతు చిక్కలేదు. 1952లో మద్రాసు వచ్చిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు బెర్నాల్ ఆ సంగతి జి.ఎన్. రామచంద్రన్ చెవిన వేశాడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అప్పుడే భౌతికశాస్త్ర విభాగం చేపట్టిన ముప్ఫయేళ్ల యువకుడు రామచంద్రన్. ఆయన, గోపీనాథ్ కర్తా అదే నగరంలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోకలోని స్నాయుబంధనం సంపాదించి, ఎక్స్‌కిరణాలతో దాని చిత్రాలు తీశారు. 1954, 1955 సంవత్సరాలలో 'నేచర్' పత్రికలో వారు చెప్పిన సమాధానం ఇది: మూడు పేటలు ఒకదానిని ఒకటి పెనవేసుకున్న తాడు. ప్రతి పేటలోనూ మూడో అమైనో ఆమ్లం తప్పకుండా గ్లైసిన్. ఎందుకంటే మూడు పేటలూ కలిసే ఇరుకు జాగాలో అంతకంటే పెద్దది పట్టదు.

మన తాళ్లు పేనే పద్ధతి తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పీచు, పోగు, పేట, మోకు. బంధనం కూడా అలాగే అంచెలంచెలుగా పేనిన మోకు. మోకు చెడటమంటే దానికి వాపు రావడం కాదు. పేటలు వదులై, వరుస తప్పి, మధ్యలో ఇతర పదార్థం చేరడం.

సూక్ష్మదర్శిని కింద కనిపించినది సరిగ్గా ఇదే. 1970 దశకంలో ఐరోపా, అమెరికాలలో మామూలు ఉద్యోగస్తులు కూడా వేల సంఖ్యలో పరుగు మొదలుపెట్టారు. మడమ నొప్పితో వచ్చేవారు పెరిగారు. 1976లో ఇటలీకి చెందిన పుడ్డు, ఆయన సహచరులు శస్త్రచికిత్సలో తీసిన ముక్కలను పరిశీలించి, నొప్పిని మూడు రకాలుగా విడదీశారు: బంధనం చుట్టూ ఉన్న పొరలో వాపు, వాపుతో పాటు లోపలి క్షీణత, కేవలం లోపలి క్షీణత. ఈ చివరిదానికి వారు వాడిన మాట టెండినోసిస్. చూడటానికి రెండక్షరాల తేడా. కాని వాపుకు చేసే వైద్యం దీనికి పనికిరాదని ఆ రెండక్షరాలు చెబుతున్నాయి. 1991లో ఫిన్లాండ్‌కు చెందిన కాన్నస్, హంగరీకి చెందిన యోజా 891 మందిలో తెగిన బంధనాలను పరీక్షించగా 97 శాతంలో అంతకు ముందే క్షీణత మొదలై ఉంది. హఠాత్తుగా తెగిందనుకున్నది నిజానికి ఎన్నాళ్లుగానో లోలోపల చివికిపోతున్నదన్నమాట.

1998లో మఫుల్లి, ఖాన్, పుడ్డు ముగ్గురూ కలిసి, సూక్ష్మదర్శిని కింద చూడకుండానే వాపు అని పేరు పెట్టడం మానండి, కేవలం టెండినోపతీ, అంటే బంధనపు జబ్బు, అనండి అని రాశారు. వందేళ్ల క్రితం ఆల్బర్ట్ చూపిన జాగ్రత్తకే తిరిగి వచ్చారు. 1999లో స్వీడన్‌లో నొప్పి ఉన్న బంధనంలోకి సన్నని గొట్టం పంపి అక్కడి ద్రవాన్ని కొలిచారు. వాపు కలిగించే ప్రోస్టాగ్లాండిన్ మామూలు మోతాదులోనే ఉంది. నొప్పి సంకేతాలను మోసే గ్లుటమేట్ మాత్రం ఎక్కువగా ఉంది. అయితే లోలకం ఇటు చివరికి పోకూడదు. 2010 తరవాత జరిగిన పరిశోధనలలో జబ్బుపడ్డ బంధనాలలో రోగనిరోధక కణాల పాత్ర కొంత ఉన్నట్టు కనబడింది. వాపు అసలే లేదన్న వాదన కూడా అతిశయోక్తే.

తెంచుకుందామనుకుంటే తగ్గింది

వైద్యం మారిన కథ ఇంకా విచిత్రం. స్వీడన్‌లోని ఊమెయో నగరపు ఎముకల వైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్‌కే ఈ నొప్పి ఉండేది. ఆపరేషన్ చేయమంటే పై అధికారి ఒప్పుకోలేదట. తాడు తెగితే చేయక తప్పదు కదా అని, దాన్ని తెంచడానికే మడమ మీద రోజూ బరువు వేసి కిందికి దించడం మొదలుపెట్టాడని చెబుతారు. తెగలేదు సరికదా, నొప్పి తగ్గిపోయింది. కథ ఎలా ఉన్నా, 1998లో ఆయన బృందం ప్రచురించిన పరీక్ష నిజం. ఎన్నో నెలలుగా నొప్పితో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న 15 మంది పరుగుగాళ్లు పన్నెండు వారాలు ఈ వ్యాయామం చేసి, అందరూ తిరిగి పరుగెత్తారు.

వ్యాయామం ఇది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మీద బరువంతా వేసి మడమను మెల్లగా మెట్టు కిందికి దించాలి. పైకి లేవడానికి రెండో కాలి సాయం తీసుకోవాలి. 15 సార్లు చొప్పున మూడు విడతలు, మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, కొంచెం వంచి ఒకసారి, రోజుకు రెండు పూటలు. కొంత నొప్పి ఉన్నా చేయవచ్చు. నొప్పి తగ్గాక సంచిలో బరువు పెట్టుకుని పెంచాలి. యాభై ఏళ్లుగా "కదపవద్దు" అన్న వైద్యం, ఇప్పుడు "బరువు వేయండి" అంది. 2015లో డెన్మార్క్‌లో చేసిన పోలికలో, వారానికి మూడు రోజులు పెద్ద బరువుతో నెమ్మదిగా మడమ ఎత్తి దించినా ఇంతే ఫలితం వచ్చింది. పేరుమోసిన రక్తఫలకాల ఇంజెక్షను మాత్రం 2010, 2021 పరీక్షలలో ఉత్తుత్తి సూదికంటే మెరుగని తేలలేదు. దాని ధర చూస్తే ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఒక మెలిక ఉంది. నొప్పి మధ్యలో కాక సరిగ్గా ఎముకకు అతికే చోట ఉంటే మెట్టు కిందికి దించడం సరిపడదు. అలా దించినప్పుడు బంధనం ఎముక మూలకు నొక్కుకుంటుంది. 2003లో ఇలాంటివారిలో మూడోవంతు మందికి మాత్రమే గుణం కనిపించింది. నేల మట్టం దాకానే దించేలా మార్చాక, 2008లో సుమారు మూడింట రెండు వంతుల మందికి తగ్గింది. కాబట్టి మీ వేలు పెట్టి నొప్పి ఎక్కడుందో చూపించడమే రోగ నిర్ణయంలో మొదటి మెట్టు.

ఇంత జరిగినా బంధనం పూర్తిగా కొత్తదవుతుందని అనుకోకండి. 1955 నుంచి 1963 వరకు అగ్రరాజ్యాలు ఆకాశంలో పేల్చిన అణుబాంబుల వల్ల గాలిలో రేడియోధార్మిక కార్బన్ పెరిగి, తరవాత తగ్గుతూ వచ్చింది. ఆ కాలపు మనుషుల కణజాలంలో అది ముద్రలా మిగిలింది. 2013లో డెన్మార్క్ పరిశోధకులు ఈ ముద్రతో మడమ బంధనాల వయసు లెక్కగట్టారు. వాటి లోపలి భాగం సుమారు 17 ఏళ్ల వయసుకు తయారై, ఆ తరవాత దాదాపు మారనే లేదు. కౌమారంలో పేనిన తాడుతోనే మనం జీవితాంతం నడుస్తున్నాం. పోలీసు ఉద్యోగం కోసం 1,600 మీటర్ల పరుగును నెల రోజుల్లో సాధించాలని ఒక్కసారిగా రంగంలోకి దిగే కుర్రవాడికి, నలభై దాటాక చాలాకాలానికి మళ్లీ షటిల్ రాకెట్ పట్టే గుమస్తాకు ఈ నొప్పి ఎందుకు వస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. తాడు అంత త్వరగా అలవాటు పడదు.

అన్ని నొప్పులూ పరుగు వల్ల రావు. ఆటలో ఎవరో వెనుక నుంచి తన్నినట్టు ఠప్పుమని, వెంటనే మునివేళ్ల మీద లేవలేకపోతే బంధనం తెగినట్టే లెక్క. బోర్లా పడుకోబెట్టి పిక్కను పిసికితే పాదం కదలదు. 1957లో సిమండ్స్ వివరించిన ఈ పరీక్షకు ఏ యంత్రమూ అక్కరలేదు. పొద్దున లేవగానే మడమలతో పాటు నడుము కూడా గంటసేపు బిగుసుకునే యువకులలో వెన్నెముక కీళ్లవాతం అనుమానించాలి. అక్కడ వాపు నిజమే, 'ఐటిస్' పేరు తగినదే. మన దగ్గర జ్వరానికీ, విరేచనాలకూ, మూత్రంలో మంటకూ విరివిగా వాడే సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ జాతి మందులు కొందరిలో ఈ బంధనాన్నే దెబ్బతీస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో వీటి పెట్టె మీద ప్రత్యేక హెచ్చరిక అచ్చు వేయించింది. అరవై దాటినవారికి, స్టెరాయిడ్లు కూడా వాడుతున్నవారికి ప్రమాదం ఎక్కువ. ఈ మందు వేసుకుంటుండగా మడమ వెనుక నొప్పి మొదలైతే వ్యాయామం కాదు చేయవలసినది. ఆ మాత్ర ఆపి, అదే రోజు డాక్టరుకు చెప్పి, బదులు మందు అడగాలి.

ఇంకొకటి ఉంది. కొన్ని కుటుంబాలలో రెండు మడమల వెనుకా తాడు ముడులు పడ్డట్టు లావుగా ఉంటుంది. అది కొవ్వు పేరుకోవడం. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను పట్టుకునే గ్రాహకం పుట్టుకతోనే లోపించడం వల్ల ఇలా జరుగుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ లోపం సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది. వైద్యం లేకపోతే వీరిలో చాలామందికి చిన్న వయసులోనే గుండెపోటు వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి ముడులుంటే, నొప్పి లేకపోయినా సరే, వారికీ వారి తోబుట్టువులకూ పిల్లలకూ కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి.